నడిపించడమూ ఒక పనితనమే

వసంతంలో గోదావరి డెల్టా పైపైన చూసేవారికి ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. కోతకు దగ్గరపడిన దాళ్వా చేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు, ఎండకు మెరిసే రొయ్యల చెరువులు, చివర సముద్రం. మొగల్తూరు నుంచి పేరుపాలెం బీచ్‌కి బండి మీద వెళ్లేవారు దారంతా ఇదే చూస్తారు. నీళ్లలో దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు, ఎండ ముదరకముందే తిరుగుముఖం పడతారు. అదే ఉదయం, అదే దారిలో, తెలిసిన మనిషి వెంట కాలినడకన వెళ్లినవారు చూసేది వేరు. చేనిగట్టు మీద గులకరాళ్లలో కలిసిపోయిన తీతువు గుడ్లు వాళ్ల కంటపడతాయి. చలికాలమంతా బూడిదరంగులో తిరిగిన ఉల్లంకి పిట్టల్లో కొన్ని ఉత్తరాదికి ఎగిరిపోయే ముందు ఇటుకరంగు తొడుక్కోవడం కనిపిస్తుంది. కోయిల ఎక్కడ కూస్తోందో, దానికి దగ్గర్లో కాకి ఎక్కడ పుల్లలు పేరుస్తోందో తెలుస్తుంది. నేల అదే, పిట్టలు అవే. నడిపించే మనిషి పనితనం వల్లే ఇంత తేడా. ఆ పనితనాన్ని దగ్గరగా చూసి పాఠకులకు పరిచయం చేయాలని ఈ వ్యాసం.

ప్రకృతి నడక అంటే చాలామంది అనుకునేది ఒక జాబితా. ఇది ఫలానా చెట్టు, అది ఫలానా పిట్ట, పదండి. అలాంటి నడకలో మొదటి పావుగంటకే పిల్లలు రాళ్లు విసరడం మొదలుపెడతారు, పెద్దలు ఫోన్లు తీస్తారు. మంచి నడకలో అలా జరగదు. ఎందుకు జరగదో తెలుసుకోవాలంటే దాన్ని ఎలా కడతారో చూడాలి. వేళ ఎలా కుదురుస్తారు, దారి ఎలా ఎంచుతారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ నోరు మూసుకుంటారు, ఆరేళ్ల మనవరాలికీ డెబ్బై ఏళ్ల తాతకూ ఒకే చోట చెరో పని ఎలా అప్పగిస్తారు అన్నది చూడాలి.

మన తెలుగునాట ఈ పనికి కొంత చరిత్ర ఉంది. 1980లో హైదరాబాదులో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కొత్తవారిని వెంటబెట్టుకుని చెరువులకూ అడవులకూ తీసుకెళ్లడాన్నే ప్రధానమైన పనిగా పెట్టుకుంది. ఇప్పుడు అది డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడిలో పక్షుల పరిశీలన చదువులో ఒక భాగం. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ పర్యావరణ విద్యా కేంద్రం పెట్టి, పడవ మీద కొల్లేటి గూడకొంగలను చూపిస్తోంది. అయితే మన డెల్టా మనిషికి, ముఖ్యంగా మొగల్తూరు, నరసాపురం వైపువారికి, ఈ పనితనం అన్ని భాగాలతోనూ అర్థం కావాలంటే ఒకసారి కోరంగి వెళ్లి రావాలి.

కోరంగి చెక్కబాట

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద, తాళ్లరేవు మండలంలో ఉంది కోరంగి. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట పెరిగిన మడ అడవిని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, నీటిపిల్లులు, నక్కలు, గరుడగద్దలు, రకరకాల లకుముకి పిట్టలు, లెక్కలేనన్ని పీతలు ఉండే చోటు. అటవీశాఖ చుట్టుపక్కల ఊళ్లవారితో కలిసి ఇక్కడ సందర్శన నడుపుతోంది. వచ్చినవారు ముందుగా నడిచేది మడచెట్ల మధ్య నుంచి వేసిన చెక్కబాట మీద.

ఆ బాటను కాసేపు చూడండి. బురద నుంచి కొంత ఎత్తులో, గుంజల మీద పలకలు పరిచి కట్టారు. ఎత్తు ఎందుకంటే కింద నేలంతా మడచెట్ల శ్వాసవేళ్లు. మడ బురదలో కొద్ది లోతు దాటితే గాలి ఆడదు. అందుకని ఈ చెట్లు కొన్ని వేళ్లను పైకి పంపి, నీళ్లు తీసిన వేళలో గాలి పీల్చుకుంటాయి. మనిషి కాలు పడితే అవి విరుగుతాయి, బురద గట్టిపడుతుంది. బాట పైనుంచి పోతే పోటు నీళ్లు కింద నుంచి పోతాయి, పీత తన కన్నంలో తానుంటుంది. వచ్చినవారు అడవి నడిబొడ్డులో ఉంటారు, కాని అడవిని తొక్కరు. బాట సన్నగా ఉండటం, మలుపులు తిరగడం కూడా పనికొచ్చే గుణాలే. జనం గుంపుగా పరుచుకోలేరు, ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందున్నది ఏమిటో మలుపు తిరిగేదాకా తెలియదు కాబట్టి నడక దానంతటదే నెమ్మదిస్తుంది. మంచి గైడుకు సగం పని ఆ బాటే చేసిపెడుతుంది.

మిగతా సగం వేళ. మడ అడవిలో గడియారం కంటే పోటు, పాటు ముఖ్యం. పోటు వేళ వెళితే చెట్ల మొదళ్లు నీళ్లలో ఉంటాయి, పడవ ప్రయాణానికి అది మంచి సమయం. పాటు వేళ బురద బయటపడుతుంది, పీతలూ చేపలూ మేతకు వస్తాయి, నడకకు అది మంచి సమయం. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ ఉదయం ఆరింటికి పాటు ఉంటే రేపు దాదాపు ఆరూ యాభైకి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందగిస్తాయి. ఏ ఊరి తీరంలోనైనా అమావాస్యకూ పౌర్ణమికీ పోటు వచ్చే వేళ ఇంచుమించు ఒకటే. చేపలవేటకు వెళ్లే ఇంట్లో పుట్టినవారికి ఇది చెప్పక్కర్లేదు, తిథి చెబితే నీళ్లెక్కడున్నాయో చెప్పేస్తారు. నడక తేదీ నిర్ణయించేటప్పుడు ఆదివారం ఒక్కటే చూసేవారు పని సగమే చేసినట్టు. ఆదివారంతో పాటు తిథి కూడా చూసేవారికి ఈ పని తెలిసినట్టు.

ముందు ఏది, తర్వాత ఏది

ఇక ఆగే చోట్ల వరస. నాకు ఈ పనిలో అన్నిటికంటే గౌరవం కలిగించేది ఇదే. మడ అడవిలో ఒక నడకను ఎలా కడితే బాగుంటుందో చూడండి.

మొదటి మజిలీ తిల్లచెట్టు. ఇది అందమైన చెట్టే, రాలే ముందు ఆకులు ఎర్రబడతాయి. కాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు ఒంటి మీద పడితే పుండవుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ముందుగా దీన్ని చూపించి, ఆకు రూపం, పాలు కారే గుణం చెప్పి, దీన్ని ముట్టుకోకూడదని అందరిచేతా అనిపించాలి. ముట్టుకోకూడనిది ఏదో తెలిశాకే ముట్టుకోదగినది చూపించాలి.

రెండో మజిలీ తెల్లమడ. ఉప్పునీటిలో బతికే ఈ చెట్టు తాగిన ఉప్పును ఆకుల మీద ఉన్న సన్నని గ్రంథుల గుండా బయటికి తోసేస్తుంది. వాన లేని ఈ కాలంలో ఆకు మీద ఉప్పు పలుకులు తెల్లగా మెరుస్తాయి కూడా. ఇక్కడ గైడు ఉపన్యాసం ఇవ్వడు. ఆకును వేలితో రాసి, వేలు నాలుకకు ఆనించమంటాడు. పిల్ల "ఉప్పగా ఉంది!" అని అరుస్తుంది. "ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని ఒక్క ప్రశ్న. అక్కడి నుంచి చెట్టు ఉప్పు ఎందుకు తాగింది, ఎలా వదిలించుకుంది అన్నది పిల్లలే కూడబలుక్కుంటారు. తిల్లకు ముందు తెల్లమడను చూపించి ఉంటే, ఆ ఉత్సాహంలో ఏ ఆకు పడితే ఆ ఆకు నాలుకకు తగిలించుకునే ప్రమాదం ఉంది. వరస మారితే పాఠం కాస్తా ప్రమాదమవుతుంది. ఇంత చిన్న విషయంలో ఇంత ఆలోచన ఉండటమే పనితనం.

మూడో మజిలీ ఉప్పుపొన్న. కొమ్మల నుంచి ఆకుపచ్చ కడ్డీలు వేలాడుతుంటాయి. చూసినవారు చిక్కుడుకాయలంటారు, మునక్కాడలంటారు. అవి కాయలు కావు, మొలకలు. ఈ చెట్టు గింజ తల్లికొమ్మ మీదే మొలకెత్తి, పొడుగ్గా సాగి, బరువెక్కాక రాలుతుంది. పాటు వేళ రాలితే బురదలో గుచ్చుకుని అక్కడే నిలుస్తుంది, పోటు వేళ రాలితే నీళ్ల మీద తేలి మరో చోట నిలుస్తుంది. రెండు దారులూ దానికి సమ్మతమే. నీటికీ నేలకూ మధ్య ఊగే చోట బిడ్డను ఎలా సాగనంపాలో తెలిసిన చెట్టు అది. దీన్ని చూపించేటప్పుడు కూడా తెలిసినవారు ముందు నోరు విప్పరు, "ఇదేంటనుకుంటున్నారు?" అని అడిగి ఆగుతారు. తప్పు జవాబులన్నీ వచ్చాక అసలు సంగతి చెబితే అది జన్మలో మరపుకు రాదు.

నాలుగో మజిలీలో చూపించడానికి ఏమీ ఉండదు. బాట మీద అందరినీ ఆపి, కదలకుండా, మాట్లాడకుండా రెండు మూడు నిమిషాలు బురద కేసి చూడమంటారు. అడుగుల చప్పుడుకు పీతలన్నీ కన్నాల్లోకి పోయి ఉంటాయి. మొదటి నిమిషంలో వట్టి బురదే కనిపిస్తుంది. తర్వాత ఒక కన్నం అంచున రెండు కళ్లు లేస్తాయి. ఒక పీత బయటికొస్తుంది, దాని పక్కన మరొకటి. ఒక డెక్క చిన్నది, ఒక డెక్క ఒళ్లంత పెద్దదిగా ఉన్న మగపీత ఆ పెద్ద డెక్కను పైకెత్తి ఊపుతుంది. అది ఆడపీతను పిలిచే తీరు, పక్క మగపీతను దూరంగా ఉండమనే తీరు కూడా. అంతలో బురదలో బురదలా పడి ఉన్నది గెంతుతుంది. అది మడ్‌స్కిప్పర్ అనే చేప. తడి చర్మం గుండా, చెంపల్లో పట్టి ఉంచిన నీటి సాయంతో గాలి పీల్చుకుంటూ నేల మీద గంటల తరబడి తిరగగలదు. రెక్కల మీద ఆనుకుని వేళ్ల మీదికి కూడా ఎక్కుతుంది. మూడు నిమిషాల క్రితం ఏమీ లేని చోట ఇప్పుడు ఒక ఊరే ఉంది. కదలకుండా ఉంటే లోకం బయటికొస్తుందని ఏ టీచరూ ఇంతకంటే బాగా చెప్పలేడు, చెప్పనక్కర్లేదు కూడా.

చివరి మజిలీ అడవి అవతల. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుపాను ఉప్పెనలు ఆ రేవును ముంచేశాయి. 1839 తర్వాత అది మళ్లీ పూర్వస్థితికి రాలేదు. సముద్రం వైపు నుంచి ఉప్పెన వస్తే మడవేళ్ల అల్లిక అల వేగాన్ని తగ్గిస్తుంది. ఇప్పటిదాకా చూసిన వేరు, ఆకు, బురద అన్నీ ఇక్కడ ఒక్క మాట మీదికి వస్తాయి. ఇదంతా మన ఊళ్లకు కాపలా. ఈ మాట మొదట్లోనే చెబితే నినాదంలా వినిపిస్తుంది, చివర చెబితే మనసుకు ఎక్కుతుంది. 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరి కమిటీలు కలిసి గోదావరి మడ అడవుల్లో పాడైన భాగాలను బాగుచేశాయి. పోటు నీరు అందక ఉప్పు పేరుకుపోయిన చోట్ల పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీసి, నీరు వచ్చిపోయేలా చేసి మొక్కలు నాటారు. చేపముల్లు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పద్ధతికి ఆ పేరే వచ్చింది. అడవిని పాడుచేసిన చేతులే అడవిని నిలబెట్టగలవని చూపించడానికి ఆ కాలువలకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

వెనకటి గురువులు

ఈ విద్యను అమెరికా జాతీయ పార్కుల్లో శాస్త్రంగా కూర్చారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాకీ పర్వతాల్లో ఎనోస్ మిల్స్ అనే ఆయన యాత్రికులను నడిపించి, గైడులకు తర్ఫీదు ఇచ్చాడు. 1957లో ఫ్రీమన్ టిల్డెన్ ఈ పని మీద పుస్తకం రాశాడు. ఆయన చెప్పినవాటిలో రెండు సూత్రాలు ఇప్పటికీ అన్ని దేశాల గైడులకూ పాఠాలు. వివరాలు అందించడం కంటే కుతూహలం రగిలించడం అసలు పని అన్నది ఒకటి. పిల్లల కోసం చేసేది పెద్దల కార్యక్రమాన్ని పలచన చేసి పెట్టేది కాకూడదు, మొదటి నుంచీ వేరుగా ఆలోచించి తయారుచేయాలి అన్నది రెండోది.

కాని మన డెల్టాలో గైడులు అంతకు ముందూ ఉన్నారు. 1781లో సామర్లకోట చేరిన స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ పన్నెండేళ్ల పాటు ఈ తీరపు మొక్కలను పరిశీలించాడు. భారతీయ చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. ఆ పనిలోంచి వచ్చిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795, 1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో అచ్చయింది. మొక్కల లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లూ ఆయన రాసుకున్నాడు. ఆ పేర్లు చెప్పినవారు ఈ ఊళ్లవారే. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఆకు చేతికిచ్చి, ఏ రోగానికి ఏది వాడతారో చెప్పిన వాళ్ల పేర్లు పుస్తకానికి ఎక్కలేదు. 1946లో కేరళకు చెందిన కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో దాదాపు 3000 గూడకొంగలు గూళ్లు కట్టుకున్న స్థావరాన్ని లోకానికి తెలియజేశాడు. తర్వాతి కాలంలో ఆయన కేరళ పక్షుల మీద మలయాళంలో గొప్ప పుస్తకం రాశాడు. ఆ స్థావరం 1970ల్లో ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఆటపాకలో అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద అదే జాతి పక్షులు గూళ్లు కడుతున్నాయి. పడవలో కూర్చున్న పిల్లలకు ఆ మంచెలను చూపించి, గూళ్లు కట్టుకునే చెట్లు ఏమయ్యాయని అడిగే గైడు ఉంటే కొల్లేటి కథ సగం చెప్పినట్టే.

మొగల్తూరు దారిలో

ఇప్పుడు మన ఊరి సంగతి. పశ్చిమ గోదావరి జిల్లాకు ఉన్న సముద్రతీరం చిన్నది, అదంతా నరసాపురం, మొగల్తూరు మండలాల్లోనే ఉంది. కోరంగిలో ఉన్నంత మడ అడవి ఇక్కడ లేదు, చెక్కబాటా లేదు. అయినా కోరంగి నేర్పిన పద్ధతిలో ఇక్కడ ఒక వసంతపు నడక కట్టడానికి కావలసిన సరుకంతా ఉంది.

ఉదయం ఆరింటికి కాలువగట్టు మీద మొదలుపెట్టాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ పల్లపు నేలంతా ఆ నీటి మీదే బతుకుతోంది. దాళ్వా చేలు పండుతున్న ఆ గంటలో కొంగలు, గోరింకలు, ఏట్రింతలు పురుగు కోసం దిగుతాయి. గట్టున కానుగచెట్టు కొత్తాకు వేసి పూత పట్టి ఉంటుంది, రావిచెట్టు రాగిరంగు లేతాకులతో ఉంటుంది, వేపపూత వాసన గాలిలో ఉంటుంది. తాటిమట్టలకు గిజిగాడి పాతగూళ్లు వేలాడుతుంటాయి. కొత్తగూళ్లు కట్టేది వానాకాలంలో. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుందనీ, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తిచేస్తుందనీ చెప్పడానికి ఆ పాతగూళ్లు చాలు. సగంలో వదిలేసిన గూళ్లను వెతకమంటే పిల్లలు తలెత్తి నడుస్తారు.

కోయిల కూత వినగానే ఆగాలి. నల్లగా ఉండేది మగది, కూసేదీ అదే. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలతో ఉంటుంది. దాన్ని చూసి వేరే పిట్ట అనుకునేవారే ఎక్కువ. కోయిల గూడు కట్టదు, కాకిగూట్లో గుడ్డు పెడుతుంది. అందుకే కోయిల కూత వినపడిన చోట కాకిగూడు కోసం చూడమనాలి. చూపు తగ్గిన పెద్దవారికి ఇది మంచి చోటు. కూతలు ఎన్ని వైపుల నుంచి వస్తున్నాయో వాళ్లు కళ్లు మూసుకుని చెబితే పిల్లలు ఆ వైపు చూస్తారు. అలా ముసలి చెవి, పసి కన్ను కలిసి ఒక పిట్టను పట్టుకుంటాయి. అన్ని వయసులవారికీ ఒకే నడక అంటే అర్థం అదే. పెద్దవాళ్లను వెనక కుర్చీలో కూర్చోబెట్టడం కాదు, వాళ్లకు మాత్రమే చేతనైన పని వాళ్లకు ఇవ్వడం. పేర్లు చెప్పే పని కూడా వాళ్లదే. ఏ ఆకు ఏ కూరకు, ఏ బెరడు ఏ నొప్పికి, ఈ చెరువు ఒకప్పుడు ఏ చేను అన్నది గైడుకు తెలియకపోవచ్చు, తాతకూ నాయనమ్మకూ తెలుసు.

చెరువుల దగ్గర ఒక కష్టమైన మాట మాట్లాడాలి. నీటికాకులు, కొంగలు రొయ్యలూ చేపలూ తినకుండా చెరువుల మీద దారాలు కడతారు. చూసిన పిల్లలు "పాపం పిట్టలు" అంటారు. మంచి గైడు ఆ మాటతో ముగించడు. చెరువు రైతును పిలిచి రెండు మాటలు చెప్పమంటాడు. మేత ఖర్చు ఎంత, ఒక రోగం వస్తే ఏమవుతుంది, నీరు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుంది. ఆయన కష్టమూ పిట్ట ఆకలీ రెండూ విన్నాక, ఇద్దరికీ చోటు ఉండే మార్గం ఏదని అడగాలి. ప్రకృతి నడకలో మనుషుల బతుకు గురించి మాట్లాడకపోతే అది విహారం అవుతుంది తప్ప చదువు కాదు.

తీతువు దగ్గర దూరం పాటించాలి. వసంతంలో అది బోసినేల మీద గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గరికొస్తే తల మీద ఎగురుతూ గోల చేస్తుంది. గోల పెరిగిందంటే గుడ్లకు దగ్గరయ్యామని అర్థం. అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, దూరంగా పోయి చూడటం నేర్పాలి. వెనక్కి తిరగడం కూడా నడకలో నేర్పదగిన పాఠమే.

సరుగుడు తోపు దాటాక ఇసుక. అలకు దూరంగా ఎండు ఇసుకలో ఊదాపూల తీగ పాకి ఉంటుంది, ముళ్లగడ్డి గింజబంతులు గాలికి దొర్లుతుంటాయి. ఇసుకను కట్టి ఉంచేవి ఇవే, తొక్కకుండా పక్కనుంచి పోవాలి. పాటు తీసిన తడి ఇసుక మీద చిన్న పీతలు ఇసుకను నోటితో జల్లించి, మేత తీసుకుని, మిగిలినది గుళికలుగా చేసి కన్నం చుట్టూ పేర్చుకుంటూ పోతాయి. పైనుంచి చూస్తే వాకిట్లో వేసిన చుక్కల ముగ్గే. పోటు రాగానే చెరిగిపోతుంది, మళ్లీ పాటుకు కొత్తది వేస్తాయి. ఇక్కడ ఒక్కో పిల్లవాడికీ చేతి పొడవు చదరం గీసి ఇచ్చి, ఐదు నిమిషాలు దానిలో ఏం జరుగుతోందో చూడమంటే చాలు. టిల్డెన్ చెప్పిన రెండో సూత్రం అక్కడ తనంతట తానే అమలవుతుంది. ఆ ఐదు నిమిషాల్లో పెద్దలు అల అంచున గుంపులుగా మేస్తున్న వలసపిట్టలను చూస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటి ఈకల రంగు మారుతుంటుంది. ఆకలిగా మేస్తున్నాయంటే వేల కిలోమీటర్ల ప్రయాణానికి కొవ్వు పోగేసుకుంటున్నాయని అర్థం. ఆ మేత వేళ కుక్కనో బండినో తోలి వాటిని లేపడం ఎంత నష్టమో అప్పుడు చెప్పాలి.

వసంతంలో మన తీరానికి ఇంకో పెద్ద పండగ ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి మార్చి దాకా తల్లులు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి పోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. కుక్కలూ నక్కలూ గుడ్లు తవ్వకుండా ఆంధ్ర తీరంలో అటవీశాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు పలుచోట్ల గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట అంతే లోతు గొయ్యిలో పూడ్చి కాపాడతారు. విశాఖపట్నం బీచ్‌లో ఇలా పిల్లలను వదలడం చూడటానికి జనం వస్తారు. ఆ వదలడంలోనూ ఎంత పనితనమో. పిల్లలను నీళ్లలో వేయరు, అలకు కొంత దూరంలో ఇసుక మీద పెట్టి వాటంతట అవి నడిచేలా చేస్తారు. తాడు కట్టి జనాన్ని వెనక నిలబెడతారు. ఫ్లాష్ వెలిగించనివ్వరు, ఎందుకంటే తాబేలు పిల్ల వెలుగున్న వైపు పోతుంది, చీకటి ఒడ్డున సహజంగా వెలుగుండేది సముద్రం మీదే. తాడు వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూసే వంద మందిలో ఒక్కరు కూడా ముందుకు దూకకుండా నిలబెట్టగలిగితే, ఆ గైడు ఆ రోజు వంద తాబేళ్లను సాగనంపడమే కాదు, వంద మంది మనుషులను కూడా తయారుచేసినట్టు.

రాసిపెట్టుకోవడం

నడక ఇంటికొచ్చాక కూడా సాగాలి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచీ పాల్గొంటోంది. పావుగంట పెరట్లో నిలబడి కనిపించిన పిట్టలను రాసి పంపితే చాలు. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడిపిల్లలు ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని ఆకు, పూత, కాయ రాసుకుంటారు. మొగల్తూరు బడి ఆవరణలో ఒక వేపచెట్టును అలా పదేళ్లు రాసుకుంటే, మన ఊరి వసంతం ముందుకొస్తోందా వెనక్కి పోతోందా అన్నది ఎవరినీ అడగకుండానే తేలుతుంది.

ఈ పనిలో ఉన్న అందమంతా ఒక్క మాటలో చెప్పాలంటే, నడిపించేవాడు తాను తెలిసినవాడినని చూపించుకోడు, వచ్చినవాళ్లచేత కనిపెట్టిస్తాడు. అందుకు కావలసిన జ్ఞానం డెల్టాలో ఊరూరా ఉంది. పోటు, పాటు లెక్క తెలిసిన మత్స్యకారుల దగ్గర ఉంది. తాటిచెట్టు ఎక్కేవారి దగ్గర, గట్టు మీద పెరిగిన రైతు దగ్గర, ఆకుకూరలు ఏరుకొచ్చే పెద్దమ్మ దగ్గర ఉంది. లేనిది దాన్ని ఒక నడకగా కట్టే అలవాటు.

మొగల్తూరు, నరసాపురం, పేరుపాలెం టీచర్లకూ పెద్దలకూ నా మనవి ఒక్కటే. ఈ చైత్రంలో పొద్దున పాటు తీసే తిథి చూసి, పదిహేను మందికి మించకుండా ఒక జట్టు కట్టండి. వాళ్లలో ఐదుగురు పిల్లలుండాలి, ముగ్గురు అరవై దాటినవారుండాలి. వేటకెళ్లే పెద్దాయన ఒకరిని గైడుగా పిలవండి, ఆయన ఒక పూట పోగొట్టుకుంటున్నాడు కాబట్టి ఆ పూట కూలి ఇవ్వండి. రెండు గంటలు నడవండి, ఎండ ముదరకముందే ఇంటికి రండి, చూసినవన్నీ తెలుగు పేర్లతో రాయండి. వచ్చే ఏడు అదే తిథికి, అదే దారిలో మళ్లీ నడవండి.